రూట్ చేసిన ఫోన్‌లో ముందస్తు అప్‌డేట్: రీస్టార్ట్ నొక్కే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

కొత్త ఆండ్రాయిడ్ వచ్చిందని పేపర్లో పడగానే మన దగ్గర ఒక తొందర మొదలవుతుంది. పక్కవాడి ఫోన్‌కు వచ్చిందట, నాకెందుకు రాలేదని. రూట్ చేసిన, అంటే కంపెనీ కట్టడి తీసేసి సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న ఫోన్లున్నవాళ్లకు ఈ తొందర మరీ ఎక్కువ. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన జిప్ ఫైలు దించుకుని రాత్రికి రాత్రి ఎక్కించేస్తారు. తెల్లారేసరికి ఫోన్ కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయి ఉంటుంది. రిపేరు షాపులకు వచ్చే ఇలాంటి ఫోన్లలో చాలావాటికి లోపల ఏ భాగమూ పోయి ఉండదు. సరైన ఫైలు కాకపోవడమో, సరైన వరుసలో ఎక్కించకపోవడమో జరిగి ఉంటుంది. వంతు రాకముందే ఇలా ముందస్తు అప్‌డేట్ ఎక్కించుకోవడమే తప్పని మేం అనం. డబ్బు పెట్టి కొన్న ఫోన్ మీద హక్కు కొన్నవాడిదే. కానీ ఆ పని వరుసను తెలుగులో ఓపిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

అప్‌డేట్ అందరికీ ఒకేసారి ఎందుకు రాదో ముందు చెప్పాలి. 2013లో గూగుల్ ఆండ్రాయిడ్ ఇంజనీరు డాన్ మోరిల్ ఈ సంగతి బహిరంగంగానే వివరించారు. మొదట 1 శాతం ఫోన్లకు పంపుతారు. 24 నుంచి 48 గంటలు ఆగి, ఏమైనా మొరాయిస్తున్నాయేమో చూస్తారు. ఆ తర్వాతే 25, 50, 100 శాతానికి పెంచుతూ పోతారు. 'గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్' డేటా క్లియర్ చేస్తే అప్‌డేట్ త్వరగా వస్తుందన్న చిట్కా పనికిరాదని, పైగా హాని చేస్తుందని కూడా ఆయన అప్పుడే చెప్పారు. అలా చేస్తే గూగుల్ సర్వర్ల దగ్గర ఫోన్‌కున్న గుర్తింపు మారిపోతుంది, యాప్‌లకు రావాల్సిన నోటిఫికేషన్లు తప్పిపోతాయి. ఇన్నేళ్లయినా ఆ చిట్కా వీడియోల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. దయచేసి ఎవరూ పాటించకండి.

ఆ మొదటి విడతలో ఉండే ప్రమాదం చిన్నదేమీ కాదు. 2020 డిసెంబరు 31న షావోమీ ఎంఐ ఏ3కి ఆండ్రాయిడ్ 11 పంపడం మొదలుపెడితే, ఎక్కించుకున్న ఫోన్లు చాలా మళ్లీ ఆన్ కాలేదు. కంపెనీ దాన్ని ఆపేసి, వారంటీ ఉన్నా లేకున్నా ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అవి రూట్ చేయని, ఎవరూ చేయి పెట్టని ఫోన్లు. వంతు రాకముందే ఫైలు దించుకునే మనిషి ఈ ప్రమాదాన్ని తలకెత్తుకుంటున్నాడు. రూట్ చేసిన ఫోన్ అయితే దాని మీద ఇంకొకటి చేరుతుంది.

ఆ ఇంకొకటి ఏమిటంటే: అప్‌డేట్ ఫైళ్లు రెండు రకాలు. ఫుల్ ప్యాకేజీలో మొత్తం సిస్టమ్ ఉంటుంది, సైజు సాధారణంగా రెండు జీబీ దాటుతుంది. ఇన్‌క్రిమెంటల్ ప్యాకేజీలో పాత బిల్డ్‌కూ (సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఒక్కో విడుదలను బిల్డ్ అంటారు) కొత్త బిల్డ్‌కూ మధ్య తేడా మాత్రమే ఉంటుంది, కొన్ని ఎంబీల నుంచి కొన్ని వందల ఎంబీల దాకా. ఇన్‌క్రిమెంటల్ ఒకరి కొలతలకు కుట్టిన రవికె లాంటిది. ఆ ఒక్క బిల్డ్‌కే పడుతుంది. ఎక్కించే ముందు ఫోన్‌ నిల్వలోని ప్రతి పార్టిషన్ (విభాగం) హ్యాష్‌ను, అంటే అందులోని డేటాకు వేలిముద్ర లాంటి అంకెను, లెక్కగట్టి చూస్తుంది. ఒక్క బైటు తేడా ఉన్నా ఆగిపోతుంది. రూట్ చేయడమంటే బూట్ ఇమేజ్‌ను, అంటే ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ను లేపే ఫైలును, మార్చడమే కాబట్టి, రూట్ ఉన్న ఫోన్‌లో అది ఆగిపోక తప్పదు. పాత ఫోన్లలో 'స్టేటస్ 7' అని వచ్చే ఎర్రర్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే, లేదా ఫైలు వేరే మోడల్‌ది కావడం. ఈ ఎర్రర్ రాగానే జిప్ లోపలి స్క్రిప్టులో తనిఖీ లైన్లు చెరిపేసి మళ్లీ ఎక్కించమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఇన్‌క్రిమెంటల్ ఫైలుతో ఆ పని చేస్తే తప్పు పునాది మీద తేడాలు అతికించినట్టే. పూర్తిగా లేవకుండా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యే బూట్‌లూప్‌లో ఫోన్ పడ్డాక చాలాసార్లు మిగిలే దారి డేటా మొత్తం చెరిపేసి మొదటి నుంచి ఫ్లాష్ చేయడం (సిస్టమ్ ఫైళ్లను నేరుగా ఫోన్‌లోకి రాయడం) ఒక్కటే.

కాబట్టి రూట్ చేసిన ఫోన్‌కు ముందస్తు అప్‌డేట్ కావాలంటే వెతకాల్సింది ఫుల్ ప్యాకేజీనే. గూగుల్ పిక్సెల్ ఫోన్లకు ఫుల్ ఓటీఏ (నెట్ ద్వారా ఫోన్‌కు వచ్చే అప్‌డేట్) ఫైళ్లను తన డెవలపర్ సైట్‌లోనే పెడుతుంది, ఫైలు మారలేదని సరిచూసుకోవడానికి పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ కూడా ఇస్తుంది. వన్‌ప్లస్ ఫోన్లకు ఆక్సిజన్ అప్‌డేటర్ అనే స్వతంత్ర యాప్ కంపెనీ ప్యాకేజీలను వెతికి ఇస్తుంది. ఎక్కడ దించుకున్నా కంప్యూటర్లో చెక్‌సమ్ సరిచూశాకే ముందుకు వెళ్లాలి. సగం దిగిన ఫైలూ, చెడు ఉద్దేశంతో మార్చిన ఫైలూ రెండూ అక్కడే దొరికిపోతాయి.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే అందరూ వదిలేస్తారు. ఇప్పుడు ఫోన్‌లో నడుస్తున్న బిల్డ్ నంబరుకు చెందిన, మార్పు చేయని బూట్ ఇమేజ్‌ను కంప్యూటర్లో భద్రపరచుకోవాలి. కొత్త బిల్డ్‌ది కూడా. రూట్ కోసం ప్యాచ్ చేసిన (మార్చిన) ఇమేజ్‌తో ఫోన్ లేవకపోతే ఫాస్ట్‌బూట్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి ఇమేజ్‌లు రాసే మోడ్‌లో, ఈ అసలు ఇమేజ్‌ను ఫ్లాష్ చేస్తే చాలు. రూట్ పోతుంది, ఫోన్ లేస్తుంది, ఫొటోలూ చాట్లూ అలాగే ఉంటాయి. అవసరమైనప్పుడు దించుకోవచ్చులే అనుకోవద్దు. 2025 జనవరిలో పిక్సెల్ 4ఏకి బ్యాటరీ అప్‌డేట్ వచ్చినప్పుడు గూగుల్ ఆ ఫోన్ పాత ఫ్యాక్టరీ ఇమేజ్‌లను (పూర్తి సిస్టమ్ ఫైళ్లను) తన పేజీ నుంచి తీసేసింది.

బూట్ ఇమేజ్ విషయంలో కొత్త ఫోన్లవాళ్లు పొరపడే చోటు ఒకటుంది. ఆండ్రాయిడ్ 13తో పుట్టిన ఫోన్లలో, అంటే పిక్సెల్ 7 నుంచి, రూట్‌కు ప్యాచ్ చేయాల్సింది 'బూట్' ఫైలు కాదు, 'ఇనిట్_బూట్' ఫైలు. పిక్సెల్ 6, 6ఏలకు ఆండ్రాయిడ్ 13 తర్వాత వచ్చినా అవి 12తో పుట్టాయి కాబట్టి వాటికి ఇప్పటికీ 'బూట్' ఫైలే. సైజు చూసినా తెలిసిపోతుంది: పిక్సెల్‌లో బూట్ 64 ఎంబీ, ఇనిట్_బూట్ 8 ఎంబీ. ఫుల్ ఓటీఏ జిప్ లోపల ఇవి విడిగా కనిపించవు, 'పేలోడ్ డాట్ బిన్' అనే ఒకే పెద్ద ఫైలులో ఉంటాయి. పేలోడ్ డంపర్ గో అనే చిన్న ప్రోగ్రాంతో కంప్యూటర్లో బయటికి తీసుకోవచ్చు.

ఇక అసలు వరుస. సిస్టమ్ ఉండే చోట్లు, అంటే స్లాట్లు, రెండున్న ఫోన్లకు, మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్ చేసినవాటికి చెబుతున్నాం. వీటిలో ఒక స్లాట్ నడుస్తుంటే అప్‌డేట్ రెండోదాంట్లోకి వెళ్తుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో 'ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్' ముందే ఆపేసి ఉంచాలి. లేకపోతే ఫోన్ తనంతట తాను వెనకాల అప్‌డేట్ మొదలుపెట్టి ఎప్పుడో రీస్టార్ట్ అయినప్పుడు రూట్ పోగొడుతుంది. కంపెనీ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోకి వచ్చేసి ఉంటే, మ్యాజిస్క్ యాప్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కి 'రీస్టోర్ ఇమేజెస్' ఎంచుకోవాలి. ఇది అసలు బూట్ ఇమేజ్‌ను తిరిగి పెడుతుంది, రూట్ మాత్రం ఫోన్ ఆపేదాకా మెమరీలో బతికే ఉంటుంది. ఇక్కడ రీస్టార్ట్ చేయకూడదు. నేరుగా సిస్టమ్ అప్‌డేట్‌లోకి వెళ్లి డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ కానివ్వాలి. చివర్లో 'రీస్టార్ట్ నౌ' బటన్ వస్తుంది. దాన్ని నొక్కకూడదు. వెనక్కి వచ్చి మ్యాజిస్క్‌లో ఇన్‌స్టాల్ నొక్కి 'ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్' ఎంచుకోవాలి. కొత్త సిస్టమ్ అప్పటికే రెండో స్లాట్‌లో కూర్చుని ఉంటుంది, మ్యాజిస్క్ వెళ్లి దాని బూట్‌ను ప్యాచ్ చేస్తుంది. ఇప్పుడు మ్యాజిస్క్ చూపించే రీబూట్ నొక్కితే కొత్త సిస్టమ్, రూట్ రెండూ ఒకేసారి లేస్తాయి. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పి 'రీస్టార్ట్ నౌ' నొక్కితే ఫోన్ చెడిపోదు గానీ రూట్ పోతుంది, మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

'స్టాక్ బ్యాకప్ లేదు' అని రీస్టోర్ ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు. ఇమేజ్‌ను వేరే ఫోన్‌లో ప్యాచ్ చేసి తెచ్చి ఫ్లాష్ చేసినప్పుడు ఆ బ్యాకప్ ఉండదు. పైన చెప్పినట్టు దాచుకున్న అసలు ఇమేజ్‌ను ఫాస్ట్‌బూట్‌లో ఫ్లాష్ చేస్తే సరిపోతుంది.

వంతు రాకముందే ఫుల్ ప్యాకేజీ ఎక్కించేటప్పుడు దారి వేరు. ఫోన్‌ను రికవరీలోకి (అప్‌డేట్, రిపేరు పనుల మెనూలోకి) తీసుకెళ్లి 'అప్లై అప్‌డేట్ ఫ్రమ్ ఏడీబీ' ఎంచుకుని, కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే ప్రోగ్రాంతో ఫైలు పంపాలి, అంటే సైడ్‌లోడ్ చేయాలి. చార్జింగ్ సగానికి పైన ఉండాలి, డేటా నడిచే మంచి కేబుల్ కావాలి. ఫుల్ ప్యాకేజీ పాత పార్టిషన్లను లెక్కలోకి తీసుకోదు కాబట్టి రూట్ తీసేయాల్సిన పని లేదు. కంప్యూటర్ తెరమీద లెక్క 47 శాతం దగ్గర ఆగి, 'ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్: సక్సెస్' అని ఒక వింత మాట వస్తే కేబుల్ లాగేయకండి. చాలాసార్లు పని పూర్తయినట్టే లెక్క. ఫోన్ తెర మీద రికవరీ ఏమంటోందో చదవండి. అక్కడి మాటే ప్రమాణం. అయిపోయాక ఫోన్ ఒకసారి మామూలుగా లేచాక, కొత్త బిల్డ్ బూట్ ఇమేజ్‌ను ఫోన్‌లోకి ఎక్కించి మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి, కంప్యూటర్‌కు తెచ్చుకుని ఫాస్ట్‌బూట్‌లో ఫ్లాష్ చేయాలి. పాత బిల్డ్‌కు ప్యాచ్ చేసి ఉన్న ఇమేజ్‌ను కొత్త బిల్డ్ మీద ఫ్లాష్ చేయడమే వైఫై, టచ్, సౌండ్ పనిచేయకుండా పోవడానికి ఎక్కువగా కనిపించే కారణం. కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) ఒక బిల్డ్‌ది, వైఫై లాంటివాటిని నడిపే దాని మాడ్యూళ్లు ఇంకో బిల్డ్‌వి అయిపోతాయి.

మ్యాజిస్క్ మాడ్యూళ్ల (రూట్ మీద చేర్చుకునే అదనపు ప్రోగ్రాంల) గురించి కూడా ఒక మాట. ఆండ్రాయిడ్ వెర్షనే మారే అప్‌డేట్ అయితే మాడ్యూళ్లన్నీ ముందే ఆపేయండి. పాత వెర్షన్‌కు రాసిన ఒక్క మాడ్యూల్ చాలు ఫోన్ లేవకుండా చేయడానికి. ఆపడం మర్చిపోయి ఇరుక్కుంటే, ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. మ్యాజిస్క్ దాన్ని గుర్తించి మాడ్యూళ్లన్నింటినీ ఆపేస్తుంది. మళ్లీ మామూలుగా రీస్టార్ట్ చేస్తే సరి.

ఆండ్రాయిడ్ 11 తర్వాతి చాలా ఫోన్లలో ఇంకో సూక్ష్మం ఉంది. కొత్త సిస్టమ్ మొదట స్నాప్‌షాట్‌గా పక్కన రాయబడుతుంది, మొదటిసారి విజయవంతంగా లేచాక వెనకాల నెమ్మదిగా అసలు చోటికి కలుస్తుంది. ఈ కలిసే పని నడుస్తుండగా స్లాట్ మార్చినా, ఇంకో ఇమేజ్ ఫ్లాష్ చేసినా రెండు సిస్టమ్‌లూ పాడయ్యే ప్రమాదం ఉంది. ఫాస్ట్‌బూట్‌లో 'స్నాప్‌షాట్ అప్‌డేట్ స్టేటస్' అడిగితే 'మెర్జింగ్' అని వస్తే ఆగండి, 'నన్' అని వచ్చాకే చేయి పెట్టండి. నిల్వలో చోటు లేకపోతే అసలు ఇన్‌స్టాలే మొదలవదు, ఆ స్నాప్‌షాట్ రాసేది అక్కడే కాబట్టి.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిదిద్దుకోగల పొరపాట్లు. సరిదిద్దుకోలేనిది యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లనివ్వని అడ్డు. ఫోన్ చిప్‌లో ఒక అంకె ఉంటుంది. కొత్త బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రాం) ఆ అంకెను పెంచేస్తే, అంతకన్నా తక్కువ అంకెవున్న బూట్‌లోడర్ ఇక ఎప్పటికీ నడవదు. 2022 ఆగస్టులో పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏలకు వచ్చిన ఆండ్రాయిడ్ 13 ఇలాగే చేసింది. వాటిలో 6, 6 ప్రో మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. తెలుగు ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా అమెరికా నుంచి, గల్ఫ్ నుంచి పిల్లలు తెచ్చినవో పంపినవో. ఒక స్లాట్‌లోకి ఆండ్రాయిడ్ 13 వెళ్లినా రెండో స్లాట్‌లో 12 బూట్‌లోడర్ అలాగే ఉండిపోతుంది. ఏదో తప్పు ఫ్లాష్ చేసి కొత్త స్లాట్ లేవకపోతే ఫోన్ పాత స్లాట్‌కు మళ్లుతుంది, అది చిప్‌కు నచ్చదు, ఫోన్ శాశ్వతంగా మూగబోతుంది. మందు సులువే: కొత్త సిస్టమ్ ఒకసారి బాగా లేవగానే, ఏ ప్రయోగమూ చేయకముందు, అదే ఫుల్ ఓటీఏను రెండోసారి సైడ్‌లోడ్ చేయాలి. రెండు స్లాట్లూ కొత్తవైపోతాయి. ఆ ఫోన్లు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతున్నాయి కాబట్టి ఇది పాత సంగతి కాదు. అమెరికా నుంచి తెచ్చిన పిక్సెల్ వెరిజాన్ అనే అక్కడి నెట్‌వర్క్ కంపెనీ దగ్గర కొన్నదైతే దాని బూట్‌లోడర్ అన్‌లాక్ కాదు, అంటే మార్చిన ఫైళ్లను ఒప్పుకోదు. 'ఓఈఎం అన్‌లాకింగ్' మీట నొక్కినా కదలదు. డబ్బు తీసుకుని తెరిచిపెడతామనేవాళ్లను నమ్మకండి.

మన దగ్గర ఎక్కువ కనిపించేవి రెడ్‌మీలు. షావోమీ భారత్‌లో తయారుచేసిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015లో మన శ్రీసిటీలోనే బయటికొచ్చింది. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రోలో యాంటీ రోల్‌బ్యాక్ అంకె 4కు పెరిగింది. పాత ఎంఐయూఐకి (షావోమీ సిస్టమ్ సాఫ్ట్‌వేర్) వెనక్కి వెళ్లాలనుకున్నవాళ్ల ఫోన్లు ఒక్కసారిగా నల్ల తెరతో ఆగిపోయాయి. అక్కడి నుంచి లేపాలంటే ఈడీఎల్ అనే చిప్ అత్యవసర మోడ్‌లో ఫ్లాష్ చేయాలి, దానికి కంపెనీ అనుమతి ఉన్న అకౌంట్ కావాలి. ఏ షావోమీ ఫోన్ అయినా ఫ్లాష్ చేసే ముందు ఫాస్ట్‌బూట్‌లో 'గెట్‌వార్ యాంటీ' అని అడిగి, వచ్చిన అంకెను ఎక్కించబోయే ఫైలు అంకెతో పోల్చండి. ఫైలుది తక్కువైతే అక్కడితో ఆగిపోండి. ఎంఐ ఫ్లాష్ ప్రోగ్రాం వాడేవాళ్లు తెర కింది వరుస తప్పక చూడాలి. అక్కడ ముందే ఎంచుకుని ఉండేది 'క్లీన్ ఆల్ అండ్ లాక్'. చూడకుండా ఫ్లాష్ నొక్కితే డేటా మొత్తం చెరిగిపోయి బూట్‌లోడర్ మళ్లీ లాక్ అవుతుంది. చైనా ఫోన్‌లో గ్లోబల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించినవాళ్లకు ఇది మరణశాసనమే: లాక్ పడగానే 'ఈ ఎంఐయూఐ ఈ ఫోన్‌లో నడవదు' అని తెర మీద రాసి ఆగిపోతుంది. వెర్షన్ నంబరు చివర 'ఎక్స్‌ఎం' ముందుండే రెండు అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఐఎన్ ఉంటే భారత్, ఎంఐ ఉంటే గ్లోబల్, సీఎన్ ఉంటే చైనా.

శాంసంగ్ సంగతి క్లుప్తంగా. రూట్ చేసిన శాంసంగ్‌కు ఓటీఏ అసలు రాదు. మొత్తం ఫర్మ్‌వేర్ దించుకుని, అందులో బూట్ ఇమేజ్ ఉండే ఏపీ ఫైలును మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి, మిగతా ఫైళ్లతో కలిపి ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంతో ఎక్కించాలి. ఏపీ ఫైలును ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మామూలు ఫైల్ ట్రాన్స్‌ఫర్‌తో కాపీ చేస్తే పెద్ద ఫైళ్లు పాడవుతుంటాయి. ఏడీబీతోనే కాపీ చేయండి. అప్‌డేట్‌కు 'హోమ్ సీఎస్‌సీ' అనే ఫైలు ఎంచుకుంటే డేటా ఉంటుంది, ఉత్త 'సీఎస్‌సీ' ఎంచుకుంటే చెరిగిపోతుంది. మార్పు చేసిన సాఫ్ట్‌వేర్ మొదటిసారి ఎక్కించగానే నాక్స్ ఫ్యూజ్ (ఫోన్‌లోని శాంసంగ్ భద్రతా గుర్తు) కాలిపోతుంది. సెక్యూర్ ఫోల్డర్, శాంసంగ్ పే ఇక ఎప్పటికీ పనిచేయవు, వెనక్కి పాత సాఫ్ట్‌వేర్ పెట్టినా సరే.

భద్రత గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కంపెనీ రికవరీ ప్రతి జిప్ డిజిటల్ సంతకాన్నీ సరిచూసి, కంపెనీది కాకపోతే తిరస్కరిస్తుంది. టీడబ్ల్యూఆర్‌పీ అనే బయటివాళ్ల రికవరీలో ఆ తనిఖీ మొదటి నుంచీ ఆపేసి ఉంటుంది, టిక్ పెడితేనే జరుగుతుంది. గ్రూపుల్లో తిరిగే 'లీకైన అప్‌డేట్'లు టీడబ్ల్యూఆర్‌పీలో ఎక్కించమని చెప్పేవే ఎక్కువ, ఎందుకంటే కంపెనీ రికవరీ వాటిని ఒప్పుకోదు. కంపెనీ రికవరీ ఒప్పుకోని ఫైలు అసలు అప్‌డేట్ కాదని మా అభిప్రాయం. దాన్ని ఎక్కించడమంటే ఫోన్‌లోని ప్రతి పాస్‌వర్డూ ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే.

బూట్‌లోడర్ అన్‌లాక్ అయిన ఫోన్‌ను గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ తనిఖీ (ఫోన్‌లో మార్పులు జరిగాయా అని యాప్‌ల కోసం చూసేది) పట్టేస్తుంది. చాలా బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. ఈ తనిఖీని దాటించే మాడ్యూళ్లు వస్తుంటాయి, కొన్నాళ్లు పనిచేసి ఆగిపోతుంటాయి. జీతం పడే అకౌంటు, ఇంటి ఖర్చుల యూపీఐ ఉన్న ఫోన్‌లో ఈ పని పెట్టుకోవద్దు. ఇందుకు పాత ఫోన్ ఒకటి విడిగా ఉంచుకోండి. యాప్ తెరుచుకుంటుంది కదా అని కాలేజీ పిల్లలు అమ్మానాన్నల ఫోన్ల మీద ప్రయోగాలు చేయడం అసలు కూడదు. అన్‌లాక్ చేసిన క్షణంలోనే ఆ ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోతుంది, పెళ్లి ఫొటోలతో సహా.

జనం టెలిగ్రామ్ ఫైళ్ల వెంట పడడానికి కంపెనీలకూ బాధ్యత ఉంది. గూగుల్ చేస్తున్నట్టే మిగతా కంపెనీలు కూడా ప్రతి బిల్డ్ ఫుల్ ప్యాకేజీని, బూట్ ఇమేజ్‌ను, చెక్‌సమ్‌ను తమ సొంత సైట్‌లో పెట్టాలి. పాతవి తీసేయకూడదు. కొత్త అప్‌డేట్ యాంటీ రోల్‌బ్యాక్ అంకెను పెంచుతుంటే ఆ సంగతి డౌన్‌లోడ్ బటన్ పైనే పెద్ద అక్షరాల్లో రాయాలి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఫలానా ఫోన్‌కు అప్‌డేట్ వచ్చిందని వార్త వేసేటప్పుడు బిల్డ్ నంబరు, అది భారత్ వెర్షనా కాదా, విడతలవారీగా వస్తోందా, వెనక్కి వెళ్లడానికి వీలుందా అన్న నాలుగు వివరాలు కూడా అచ్చు వేయండి. వెర్షన్ నంబరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నదున్నట్టే, ఒక్క అక్షరం పోకుండా వేయండి. పాఠకులు సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి పక్కన పెట్టుకుని సరిచూసుకోగలుగుతారు.

ఇట్లు,
మొబైల్ సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న కొందరు పాఠకులు,
హైదరాబాద్